ఇన్‌స్పెక్షన్ హోసులు

ఊరి పేరు రాయను. తిరుపతికీ చిత్తూరుకీ మధ్య ఎక్కడో అనుకోండి. ఇప్పుడు ఆ ఫైర్ స్టేషన్లో పని చేస్తున్న పిల్లలకు ఈ కథతో సంబంధం లేదు, వాళ్ళ మీద బురద పడకూడదు. నా పేరు ఆదిమూలం. ఫైరింజను తోలేవాడినీ నేనే, మంట దగ్గర పంపు నడిపేవాడినీ నేనే. పందొమ్మిది వందల తొంభై ఎనిమిది ఎండాకాలంలో నేను ఒక మనిషిని కాల్చి చంపాలనుకున్నాను. కోపంలో నోరు జారిన మాట కాదు. నెల రోజులు ఆలోచించి, ఏ హోసు వాడాలో, ఎంత గడ్డి వేయాలో చూసుకుని మరీ అనుకున్నాను.

ఆ మనిషి మా స్టేషన్ ఆఫీసరు దేవరాజులు.

అంతకు రెండేళ్ళ ముందు మా స్టేషనుకు నలభై కొత్త హోసులు వచ్చాయి. హోసంటే ఇంజను నుంచి మంట దాకా నీళ్ళు మోసే గుడ్డ గొట్టం. దేవరాజులు వాటిని స్టోరు గదిలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి పగలూ రాత్రీ ఆయన చొక్కా జేబులోనే. ఏడాదికోసారి జిల్లా ఆఫీసరు ఇన్‌స్పెక్షనుకు వచ్చినప్పుడు వాటిని టార్పాలిన్ మీద వరసగా పేర్చేవాళ్ళం. ఆయన చూసి, బాగుందని రాసి, భోంచేసి వెళ్ళేవాడు. మళ్ళీ చుట్టి లోపల పెట్టేవాళ్ళం. ఒకసారి నీళ్ళు తగిలితే మరకలు పడతాయి, మరకలు పడితే ఇన్‌స్పెక్షన్లో మాట వస్తుంది. అందుకని మంటలు ఆర్పడానికి మాత్రం పాత హోసులు, సైకిలు ట్యూబు ముక్కలతో అతుకులు వేసినవి. అవి మాకు పని హోసులు, కొత్తవి ఇన్‌స్పెక్షన్ హోసులు. ఇదేం చోద్యం అని ముక్కున వేలేసుకోకండి. చుట్టాలొస్తే తప్ప కిందికి దించని కంచాలు మీ అటక మీద కూడా ఉండే ఉంటాయి.

ఎవరూ ఇదేమని అడగలేదు. నవ్వుకునేవాళ్ళం. అందరికంటే ఎక్కువ నవ్వేది మునికుమార్. మునికుమార్ నాతో పాటే డ్యూటీ చేసే ఫైర్‌మన్, మా చెల్లెలు నాగవేణి మొగుడు. ఆ సంబంధం కుదిర్చిందీ నేనే. గడ్డివామి కాలినా గుడిసె కాలినా బ్రాంచి తన చేతికే కావాలనేవాడు. బ్రాంచి అంటే హోసు చివర పట్టుకునే ఇత్తడి గొట్టం. అది పట్టుకున్నవాడే మంటకు ఎదురు నిలవాలి. నేను వద్దంటే, వెనక పంపు దగ్గర నువ్వుండావు గదా, నాకేం భయం అనేవాడు.

మార్చి మొదటి వారంలో, పొద్దున పదకొండు గంటలప్పుడు, బెల్లం మండీలో నిప్పు పడింది. మేము పోయేసరికి మిద్దె మీద పేర్చిన ఈత చాపలు, బుట్టలు అంటుకుని ఉన్నాయి. ఒక హమాలీ పైన చిక్కుకుపోయాడు. దేవరాజులు మునికుమార్ని పిలిచి పైకెక్కమన్నాడు. ఆ మాట నేను విన్నాను. నా పక్కన లీడింగ్ ఫైర్‌మన్ మునిరామయ్య కూడా విన్నాడు. మునికుమార్ బ్రాంచి పట్టుకుని ఎక్కాడు. నీళ్ళు వదిలాను. రెండు నిమిషాల్లో హమాలీని కిటికీలోంచి తాడు కట్టి దించేశాడు. కింద జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు నా కాళ్ళ దగ్గర హోసు పగిలింది.

హోసు పగిలితే చేయాల్సింది పుస్తకంలో ఉంది. పంపు ఆపాలి, పగిలిన ముక్క విప్పాలి, ఇంకోటి తగిలించాలి, పంపు వేయాలి. అంతా చేశాను. రెండోది కూడా పగిలింది, పైన కిటికీ నిండా మంట కమ్మింది. మూడోది తగిలించే లోపల మెట్ల మీదుగా కరిగిన బెల్లం పాకం కిందికి జారుతూ వచ్చింది. ఎక్కబోయిన మునిరామయ్య బూటు అందులో అతుక్కుని ఊడి వచ్చింది. పైనుంచి మునికుమార్ గొంతు రెండు సార్లు వినిపించింది. ఆదీ, నీళ్ళు, అన్నాడు. మళ్ళీ, నీళ్ళు, అన్నాడు. మూడోసారి ఏమీ అనలేదు.

దేవరాజులు రాసిన రిపోర్టు ఒక పేజీ. ఫైర్‌మన్ మునికుమార్ ఆర్డరు లేకుండా దూకుడుగా లోపలికి వెళ్ళాడు, ఆపరేటర్ ప్రెషరు ఎక్కువ పెట్టినందున హోసు పగిలింది, అని. ఆపరేటరంటే పంపు నడిపే నేనే. విచారణకు వచ్చినాయన మునిరామయ్యను అడిగితే, ఆ గోలలో నాకేం వినపడలేదు సార్ అన్నాడు. ఆయనకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది. నా మాట ఎవరికి కావాలి, నేను ముద్దాయిని కదా. ఆర్డరు లేకుండా పోయి చచ్చాడంటే అది డ్యూటీలో చావు కింద రాదు. అంటే నాగవేణికి ఉద్యోగం రాదు. ఏప్రిల్ పద్నాలుగున దేశమంతా చనిపోయిన ఫైర్‌మెన్ పేర్లు చదివి మౌనంగా నిలబడతారే, ఆ పేర్లలో మునికుమార్ పేరు ఉండదు. మునికుమార్ తప్పు చేసి చచ్చినవాడుగా మిగిలిపోతాడు.

పదకొండో రోజు, మేమంతా మునికుమార్ క్వార్టర్సులో ఉండగా, దేవరాజులు వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, చేతిలో పూలదండ. పటానికి దండ వేసి కుర్చీలో కూర్చుని, మంచి పనోడమ్మా, కానీ చెప్పింది వినే రకం కాదు, అని నా చెల్లెలితో అన్నాడు. క్వార్టర్సు నెలాఖరుకు ఖాళీ చేయాలని కూడా అక్కడే చెప్పాడు. మా అమ్మ వరలక్ష్మమ్మ గోడకు తల ఆనించి కూర్చుని ఉంది. నాగవేణి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన గటగటా తాగి, మూతి తుడుచుకుని వెళ్ళాడు.

గేటు చప్పుడు ఆగిన తర్వాత ఆమె నా వైపు తిరిగింది.

"నీళ్ళు లేక సచ్చినాడు నా మొగుడు. ఆయప్పకి నా చేత్తో నీళ్ళిచ్చి పంపినాను. ఇంక నువ్వు సూసుకో అన్నా."

సరే అన్నాను. ఆ రోజు నుంచి నాకు ఆకలి వేసింది, నిద్ర పట్టింది, డ్యూటీలో దేవరాజులుకు రోజూ సరిగ్గానే సెల్యూట్ కొట్టాను. పగ మనిషిని తినేస్తుందని అంటారు కానీ నన్ను మాత్రం అదే నిలబెట్టింది. నాగవేణిని మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆమె సరిగ్గా తినేది కాదు. రోజూ నేను డ్యూటీ నుంచి రాగానే నా మొహం చూసేది. ఇంకా కాలేదు అన్నట్టు నేను తల దించుకునేవాణ్ణి.

బెల్లం మండీలో పగిలిన హోసును షెడ్డు వెనక చెత్తలో పారేశారు. నేను దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. పంక్చరు అంగడి వాడి దగ్గర ట్యూబు ముక్క, సొల్యూషను తెచ్చి నేనే అతుకు వేశాను. ఇన్నేళ్ళు పంపు నడిపినవాణ్ణి, ఏ అతుకు ఎంత ప్రెషరుకు ఆగుతుందో నా చేతికి తెలుసు. ఈ అతుకు మూడు కేజీల ప్రెషరు దాకా ఆగుతుంది, ఐదుకు పోతుంది. అలా పోయేట్టే వేశాను.

ఏప్రిల్ పద్నాలుగున పేర్లు చదవడం అయ్యాక ఊరి జనానికి స్టేషన్ ఆవరణలో డ్రిల్లు చూపిస్తాం. మూడంతస్తుల టవరు, లోపల చెక్క మెట్లు. రెండో అంతస్తులో ఇనుప తొట్టెలో గడ్డి వేసి ముట్టిస్తాం. ఒకడు ముందే హోసుతో పైఅంతస్తు ఎక్కి నిలబడి, మంట లేచాక పైనుంచి ఆర్పి దిగి వస్తాడు. రూలు ప్రకారం అది ఫైర్‌మన్ పని. కానీ మా దేవరాజులు ఏటా ఆ ఒక్కరోజు బ్రాంచి తనే పట్టుకునేవాడు. పేపర్లో ఫోటో పడేది. దాన్ని కత్తిరించి ఆఫీసు గోడకు అంటించేవాడు.

ఎప్పుడూ లేనిది, ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఆయన స్టోరు తెరిచి నాలుగు కొత్త హోసులు బయటపెట్టాడు. పైకెక్కేది తను కదా, పని హోసుల మీద ఆయనకు ఎంత నమ్మకముందో అక్కడే తెలిసిపోయింది. అవి ఇంజనులోకి ఎక్కించమని నాకు చెప్పి, టెంకాయ కొట్టడానికి ఇంజను ముందుకు పోయాడు. నేను ఆ నాలుగూ ఎత్తుకుపోయి స్టోరులో మిగతావాటి మీద పేర్చాను. సీటు కింద దాచుకున్న నా హోసుకు, ఇంకో మూడు పాతవాటికి, కొత్తవాటిలా తెల్లగా కనపడేట్టు సుద్దపొడి రాసి ఇంజనులో పెట్టాను. కర్పూరం ఆరాక దేవరాజులు వచ్చి స్టోరుకు తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. లోపలికి తొంగి కూడా చూడలేదు. తొట్టెలో గడ్డి వేసేది కూడా నేనే. ఏటా వేసేదానికి మూడింతలు వేసి, మీద డీజిల్ పోశాను.

పది గంటలకు జిల్లా ఆఫీసరు వచ్చాడు. జనం గోడల మీద కూడా కూర్చున్నారు. పేర్లు చదివారు. మునికుమార్ పేరు లేదు. రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. ఆ రెండు నిమిషాల్లో నాకు ఏమైనా జాలి పుడుతుందేమోనని చూసుకున్నాను. పుట్టలేదు.

దేవరాజులు బ్రాంచి పట్టుకుని పైకెక్కాడు. మునిరామయ్య తొట్టె ముట్టించి దిగాడు. నేను పంపు వేశాను. పైనుంచి నీళ్ళు తెల్లగా చిమ్మాయి, ఫోటోగ్రాఫరు ముందుకు జరిగాడు, దేవరాజులు అతని వైపు తిరిగి కాసేపు అలాగే నిలబడ్డాడు. ప్రెషరు మూడు కేజీలు. నాలుగు. నేను మీటను ఐదుకు తోశాను.

అతుకు పోయింది.

పైన బ్రాంచి నుంచి నీళ్ళు ఒక ధారగా సన్నబడి ఆగిపోయాయి. గడ్డి మంట మెట్ల చెక్కలను పట్టుకుంది. దేవరాజులు నీళ్ళు, నీళ్ళు అని కేకలు వేశాడు. జనం అదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. జిల్లా ఆఫీసరు ఒక్కడే కుర్చీలోంచి లేచాడు.

నేను పుస్తకంలో ఉన్నట్టే చేశాను. పంపు ఆపాను. పగిలిన ముక్క విప్పాను. రెండోది తగిలించి పంపు వేశాను, అదీ పోయింది. పంపు ఆపి టవరు కిందికి నడిచి, తల ఎత్తి, అందరికీ వినపడేట్టు చెప్పాను.

"సార్, బండిలో ఉండేవన్నీ పగిలినవే. స్టోరు తాళం మీ జేబులో ఉండాది. పారేయండి."

"నాలుగు కొత్తవి పెట్టించినాను గదరా. సూడు."

"కొత్తవన్నీ లోపలే ఉండాయి సార్. తాళం పారేయండి."

అప్పుడు ఆయన నన్ను చూశాడు. విషయం అర్థమైంది. చెయ్యి జేబు మీదికి పోయి అక్కడే ఆగింది. ఎందుకాగిందో నాకు తెలుసు. తాళం పారేస్తే జిల్లా ఆఫీసరు కళ్ళముందే ఆ గది తెరుస్తారు. మంట మోకాళ్ళ దాకా వచ్చినా ఆ మనిషి ఇన్‌స్పెక్షన్ గురించే ఆలోచిస్తున్నాడు. ఇలాంటి వాడి కిందనా నా బావ చచ్చింది అని నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి చొక్కా చెయ్యి అంటుకున్నాక పారేశాడు. తాళంచెవి నా కాలి దగ్గర పడింది.

అక్కణ్ణించి స్టోరుకు అరవై అడుగులు. నేను పరిగెత్తలేదు. ఇంతవరకూ ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. వెనక కేకలు వింటూ, మామూలుగా, టీ తాగడానికి పోయేవాడిలా నడిచాను. సగం దూరంలో మునిరామయ్య నన్ను అందుకుని నా పిడికిలి విప్పి చెవి లాక్కున్నాడు.

"సాలు ఆదిమూలం. ఇంక సాలు."

ఆ వయసులో ఆయన అంత వేగంగా పరిగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. కొత్త హోసు తగిలించారు. ఏడు కేజీలు పెట్టినా కిక్కురుమనలేదు. ఒక నిమిషంలో మంట ఆరింది. దేవరాజులును నిచ్చెన మీద దించారు. జుట్టు, ఎడమ చెవి, కుడిచేతి వేళ్ళు కాలాయి. ప్రాణం మిగిలింది. మునిరామయ్య ఇంకొంచెం నిదానస్తుడై ఉంటే అదీ మిగిలేది కాదు. దానికి నాకు అప్పుడు బాధ కలిగింది, మిగిలినందుకు.

జిల్లా ఆఫీసరు స్టోరు గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. లెక్కపెడితే ముప్పై తొమ్మిది హోసులు లోపల, ఒకటి బయట. నలభైలో ఆ రోజు దాకా నీళ్ళు చూసింది ఒక్కటీ లేదు. ఆస్పత్రిలో దేవరాజులు, నాలుగు హోసులు నేను బయటికి తీశాను, ఆ ఆదిమూలమే మార్చేశాడు, అని మొత్తుకున్నాడట. ఎవరూ నమ్మలేదు. రోజూ ఏ హోసులు వాడతారయ్యా అని జిల్లా ఆఫీసరు నన్నడిగితే, ఇవేనండీ అని పగిలినవి చూపించాను. అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం ఇంటికి పోయాను. నాగవేణి వాకిట్లోనే నిలబడి ఉంది. జరిగింది చెప్పాను. ఎక్కడెక్కడ కాలిందని అడిగింది. చెవి, చెయ్యి అన్నాను. లోపలికి వెళ్ళి కంచం ముందు కూర్చుని, నలభై రోజుల తర్వాత మొదటిసారి, రెండో మారు అన్నం పెట్టించుకుంది. మా అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను గడపలో కూర్చుని బీడీ వెలిగించాను. జీవితంలో అంత తృప్తిగా ఎప్పుడూ లేను.

దేవరాజులును సస్పెండ్ చేశారు. మళ్ళీ విచారణ వేశారు. ఈసారి మునిరామయ్యకు అన్నీ వినపడ్డాయి. పైకెక్కమని ఆఫీసరే చెప్పాడని సంతకం పెట్టి ఇచ్చాడు. స్టేషన్లోని రికార్డు పుస్తకాలన్నీ చిత్తూరుకు తీసుకుపోయారు. పుస్తకాలు పోతున్నప్పుడు నాకు ఏమీ తోచలేదు. అంత గుడ్డివాణ్ణయిపోయాను.

జూన్ చివర్లో ఆర్డరు వచ్చింది. నకలు భార్యకు పంపుతారు కాబట్టి నాగవేణి పేరుతో రిజిస్టరు పోస్టులో వచ్చింది. పదో తరగతి చదివిన పిల్ల, తనే చదువుకుంది. మునికుమార్ డ్యూటీలో, ఆర్డరు ప్రకారం, ఒకరి ప్రాణం కాపాడి మరణించాడు. ఆయన పేరు ఏటా చదవాలి. భార్యకు ఉద్యోగం ఇవ్వాలి. ఆమె కళ్ళ నీళ్ళతో అమ్మకు చదివి వినిపిస్తుంటే నేను గోడకానుకుని నవ్వుతున్నాను. రెండో పేజీ తిప్పింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.

"ఆపరేటర్ ఆదిమూలం ప్రతి ఉదయం హోసులన్నియు పరీక్షించి బాగున్నవని పుస్తకములో సంతకము చేసియున్నారు. రెండేళ్ళలో ఒక్కరోజైనా పరీక్షించిన దాఖలా లేదు."

కాగితం దించి నన్ను చూసింది.

"ఆ పొద్దున గూడా పెట్టినావా సంతకం?"

అందరూ అలాగే పెడతారని, ఆఫీసరు పెట్టమంటే కాదనలేమని, బావకు కూడా తెలుసని నీళ్ళు నమిలాను. ఆమె అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. పెట్టానని చెప్పాను.

"అవి పగిలిపోతాయని తెలిసే పెట్టినావు."

తెలుసు. ఏ అతుకు ఎంత ప్రెషరుకు పోతుందో ఊళ్ళో నాకంటే తెలిసినవాడు లేడు. దేవరాజులును చంపడానికి ఆ తెలివే కదా వాడుకున్నాను. బావను బతికించడానికి ఒక్కరోజు కూడా వాడలేదు. తాళం ఇవ్వండి సార్ అని ఆ రెండేళ్ళలో ఒక్కసారి, ఒక్క పొద్దున అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే తిట్టేవాడు, అంతే.

నాగవేణి కాగితాన్ని మడిచింది. మామూలు గొంతుతోనే అంది.

"నువ్వు సూసుకో అని ఎవురికి సెప్పినానో నాకు ఇప్పుడు తెలిసింది."

మరునాడే అమ్మను తీసుకుని వీధి చివర గది అద్దెకు తీసుకుంది. నేను సామాను మోయబోతే అమ్మ వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

జులైలో ఆమె ఉద్యోగంలో చేరింది. ఎక్కడేశారో తెలుసా, మా స్టేషన్ స్టోరులో. మొదటి రోజు నేను ఏడింటికి పోయేసరికి ఆవరణంతా తడిగా ఉంది. ఆమె నలభై హోసులూ బయటికి తీయించి, ఒక్కోదాన్ని పంపుకు తగిలించి, ఏడు కేజీల ప్రెషరు పెట్టించి, కొంగు నడుముకు దోపుకుని వాటి పొడుగునా వంగి చూస్తూ నడుస్తోంది. తెల్ల హోసులన్నిటికీ మట్టి మరకలు. మునిరామయ్య పంపు దగ్గర నిలబడి ఆమె చెప్పినట్టల్లా చేస్తున్నాడు. అన్నీ చూడటం అయ్యాక టేబుల్ దగ్గరికి వచ్చి, చేతులు తుడుచుకుని, పుస్తకం తెరిచి నా వైపు తిప్పింది. నన్ను చూడలేదు, గీసి ఉన్న గడిని చూసింది.

"సూసి పెట్టండి, ఆపరేటర్ గారూ."

నేను ఆవరణలోకి తిరిగి వెళ్ళాను. మొదటి హోసు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తడి గుడ్డ మీద వేళ్ళు ఆనించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడటం మొదలుపెట్టాను.